కాకస్‌లు, ప్రైమరీలు కలిసిన పోటీలో ప్రజల ఓట్లను లెక్కించడం ఎలా?

అమెరికాలో ఒక పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని ఎన్నుకునేటప్పుడు ఫలితాన్ని తేల్చేది జాతీయ మహాసభకు వెళ్లే డెలిగేట్ల సంఖ్యే తప్ప, దేశమంతటా పడిన ఓట్ల మొత్తం కాదు. అయినా పోటీ హోరాహోరీగా సాగిన ప్రతిసారీ ఎక్కువ మంది ప్రజలు ఎవరి వైపు ఉన్నారన్న వాదన తలెత్తుతుంది. అభ్యర్థిని అధిష్ఠానమే ఖరారు చేయడం చూసిన మన పాఠకులకు ఆ వాదనలో వినిపించే అంకెలు సూటిగానే కనిపిస్తాయి గాని, వాటిని కూడే ముందు ఏ రాష్ట్రంలో దేన్ని లెక్కపెట్టారో విడివిడిగా చూడటం తప్పనిసరి.

మొదట రాష్ట్రాలను రెండుగా విడదీయండి. ప్రైమరీ అంటే మామూలు ఎన్నికే. రోజంతా పోలింగ్ ఉంటుంది, రహస్య బ్యాలెట్ ఉంటుంది, పడిన ప్రతి ఓటూ లెక్కలోకి వస్తుంది. కాకస్ మాత్రం నిర్ణీత సమయానికి బడిలోనో చర్చిలోనో జరిగే సమావేశం కాబట్టి రాత్రి షిఫ్టులో ఉన్నవారు, చంటిపిల్లల తల్లులు చాలావరకు దూరమవుతారు. పైగా డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిత్వానికి ఒబామా, హిల్లరీ క్లింటన్, ఎడ్వర్డ్స్ పోటీపడిన 2008లో అయోవా డెమొక్రాట్లు ఒక్కొక్క అభ్యర్థికి ఎందరు మద్దతిచ్చారో ఆ సంఖ్యను అసలు ప్రకటించనే లేదు. ఆ జనవరి 3న దాదాపు 2,39,000 మంది హాజరైతే, ఫలితాల పట్టికలో ఒబామాకు 940, ఎడ్వర్డ్స్‌కు 744, హిల్లరీ క్లింటన్‌కు 737 అని కనిపిస్తుంది. అవి ఓట్లు కావు. రాష్ట్ర మహాసభకు ఎవరి తరఫున ఎందరు ప్రతినిధులు వెళ్లవచ్చో వేసిన లెక్క. ఆ 940ని ప్రైమరీ ఓట్ల పక్కన పెట్టి కూడితే ఒక రాష్ట్రాన్నే చెరిపేసినట్లవుతుంది. హాజరును శాతంతో హెచ్చిస్తే ఒబామాకు సుమారు 90,000 వస్తాయి గాని, ఆ శాతం కూడా ప్రతినిధులదే తప్ప మనుషులది కాదు కనుక దాన్ని అంచనాగానే రాసుకోవాలి.

తర్వాత ఓట్ల తేడాను డెలిగేట్ల తేడాతో పోల్చి చూడండి. 2008 ఫిబ్రవరి 5న ఐడహో కాకస్‌లో పాల్గొన్నది సుమారు 21,000 మంది. ఒబామాకు 15, క్లింటన్‌కు 3 డెలిగేట్లు దక్కారు. అదే రోజు న్యూజెర్సీ ప్రైమరీలో 11 లక్షలకు పైగా ఓట్లు పడగా, క్లింటన్‌కు 59, ఒబామాకు 48 వచ్చాయి. ఐడహోలో సుమారు 13,000 మంది ఆధిక్యంతో ఒబామా 12 డెలిగేట్లు ముందుకు వెళ్తే, న్యూజెర్సీలో 1,12,000 ఓట్ల ఆధిక్యంతో క్లింటన్ సంపాదించిన తేడా 11 మాత్రమే. రాష్ట్రానికి ఇన్ని డెలిగేట్లని ముందే నిర్ణయమై ఉంటుంది. ఆ రోజు ఎందరు వచ్చారన్నదానితో దానికి సంబంధం లేదు. అందుకే కాకస్‌లలో బలంగా ఉన్న అభ్యర్థి డెలిగేట్లలో ముందుండి, ఓట్ల మొత్తంలో తన అసలు బలం కంటే తక్కువగా కనిపిస్తాడు. ప్రజల ఓటు పేరుతో జరిగే వాదనలన్నిటిలోనూ మరుగున పడిపోయే విషయం ఇదేనని నా అభిప్రాయం.

ఒకే రాష్ట్రంలో రెండూ జరిగితే మరింత జాగ్రత్త అవసరం. టెక్సస్‌లో 2008 మార్చి 4న పగలు ప్రైమరీ, సాయంత్రం కాకస్ జరిగాయి. ప్రైమరీలో ఓటు వేసినవారే కాకస్‌కు అర్హులు కనుక రెండింటినీ కలిపితే అదే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టినట్లు. అక్కడ ప్రైమరీ సంఖ్యనే తీసుకోండి. వాషింగ్టన్ రాష్ట్రం ఇంకా చిక్కైనది. డెమొక్రాటిక్ అభ్యర్థిత్వానికి క్లింటన్, శాండర్స్ తలపడిన 2016లో, మార్చిలో డెలిగేట్లను పంచిన కాకస్‌కు దాదాపు 2,30,000 మంది రాగా శాండర్స్‌కు 73 శాతం మద్దతు దక్కింది. మే నెలలో డెలిగేట్లతో ప్రమేయం లేని ప్రైమరీలో సుమారు 8 లక్షల మంది ఓటు వేస్తే క్లింటన్‌కు 52 శాతం వచ్చింది. ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి దేశవ్యాప్త తేడా దాదాపు 1,40,000 మారిపోతుంది. ప్రైమరీకి జనం ఎక్కువ వచ్చారు గాని, ఫలితం లేని ఓటని తెలిసి ఇంట్లో ఉండిపోయినవారూ ఉంటారు కాబట్టి, రెండు మొత్తాలనూ చూపడమే న్యాయం.

2008లో దేశమంతటా ఒబామా, క్లింటన్‌లలో ఎవరికి ఎక్కువ ఓట్లు వచ్చాయన్న వివాదాన్ని ఈ పద్ధతిలో పరిశీలిస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. మిషిగన్, ఫ్లోరిడా పార్టీ నిబంధనలకు విరుద్ధంగా ప్రైమరీలను ముందుకు జరిపాయి కనుక వాటి ఓట్లను కలపాలా వద్దా అన్నదే వివాదం. మిషిగన్ బ్యాలెట్‌పై ఒబామా పేరే లేదు; అక్కడ ఎవరికీ చెందకుండా పడిన 2,38,168 ఓట్లను ఆయనకు సున్నాగా వేస్తే, ఫ్లోరిడాను కూడా కలిపిన లెక్కలో క్లింటన్ ముందుంటారు. ఆ ఓట్లన్నీ ఒబామావే అనుకున్నా, ఓట్లు ప్రకటించని అయోవా, నెవాడా, మెయిన్, వాషింగ్టన్ కాకస్‌ల అంచనాను వదిలేస్తే క్లింటనే స్వల్పంగా ముందు. కలిపితే ఒబామా ముందు. మూడున్నర కోట్ల ఓట్లలో ఆధిక్యం అటు ఇటు మారడానికి ఆ నాలుగు రాష్ట్రాలే చాలు. కనుక ఎవరైనా ఒక మొత్తం చెప్పినప్పుడు, మిషిగన్‌ను ఎలా చూశారు, ఈ నాలుగింటిని కలిపారా అని అడగండి.

2016 తర్వాత వాషింగ్టన్, మిన్నెసోటా వంటి రాష్ట్రాలు ప్రైమరీకి మారాయి, అయోవా డెమొక్రాట్లు 2020లో మనుషుల సంఖ్యనూ ప్రకటించారు. అయితే అక్కడ మూడు అంకెలు కనిపిస్తాయి: సమావేశంలో మొదట ఎవరి వైపు నిలబడ్డారన్నది, 15 శాతం దాటని గుంపులు చెదిరి మళ్లీ చేరాక వచ్చినది, చివరగా ప్రతినిధుల లెక్క. చివరిదాంట్లో ఆ ఏడాది శాండర్స్‌తో పోటీపడిన బూటిజెజ్ వెంట్రుకవాసిలో ముందుంటే, మొదటిదాంట్లో శాండర్స్ సుమారు 6,000 మందితో ముందున్నారు. ప్రైమరీ ఓటరుకు రెండోసారి ఎంచుకునే అవకాశం ఉండదు కనుక, ప్రైమరీ ఓట్లతో కూడవలసినది ఆ మొదటి అంకెనే.