ల్యాప్‌టాప్‌లో ప్రాసెసర్ మార్చాలంటే ముందు సాకెట్ చూడండి

"అన్నా, దీంట్లో ఐ7 వేస్తే ఎంతైతది?" పార్క్‌లేన్‌లో మా రిపేర్ షాపుకి అమీర్‌పేటలో కోర్సులు చేసే పిల్లలు వచ్చి అడిగేది ఇదే. రేటు తర్వాత, ముందు సాకెట్, అంటే చిప్‌ని ఊడదీసి మళ్లీ పెట్టగలిగే గూడు, ఉందా లేదా చూడాలి.

2015 తర్వాతి మోడల్ అయితే దాదాపు ఆశ వదులుకోండి. 2013లో వచ్చిన నాలుగో తరం (జనరేషన్) తర్వాత ఇంటెల్ ల్యాప్‌టాప్ చిప్‌లకు సాకెట్ ఆపేసింది. ఆ తర్వాతవన్నీ బోర్డుకే టంకం వేసి అతికించిన చిప్‌లు, వీటినే బీజీఏ అంటారు. డెస్క్‌టాప్ చిప్ పెట్టిన బరువైన గేమింగ్ మెషిన్ల సంగతి వేరు.

ప్రాసెసర్ వివరాలు చూపించే సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి ప్యాకేజ్ గడి చూడండి. ఆర్‌పీజీఏ అని ఉంటే సాకెట్‌లో దిగే పిన్నుల చిప్, మార్చొచ్చు. చిప్ పేరు చివర యూ, హెచ్‌క్యూ ఉంటే కుదరదు. ఒట్టి ఎమ్‌ని నమ్మి మాత్రం కొనకండి, ఐ5-3320ఎమ్ సాకెట్‌దీ, అతికించిందీ రెండు రకాలుగానూ వచ్చింది.

సాకెట్లలోనూ రకాలున్నాయి: మొదటి తరానికి జీ1, రెండు మూడు తరాలకు జీ2, నాలుగో తరానికి జీ3. జీ1, జీ2 రెండూ 988 పిన్నులవే, అయినా ఒకదాని చిప్ ఇంకోదాంట్లో పనిచేయదు. సాకెట్ కలిసినా బయోస్, అంటే ఆన్ చేయగానే బోర్డులో ముందు నడిచే ప్రోగ్రామ్, ఒప్పుకోవాలి. రెండో తరం బోర్డులో మూడో తరం చిప్ పెడితే, బయోస్‌లో సపోర్ట్ లేకపోతే డిస్‌ప్లే కూడా రాదు. అందుకే నేను అదే తరంలో, అదే వాట్లలో వెతకమంటాను. ఐ3-2310ఎమ్ తీసి ఐ5-2520ఎమ్ పెడితే రెండూ 35 వాట్లే. 45 వాట్ల క్వాడ్ కోర్ (నాలుగు కోర్ల) చిప్‌కి ఆ చిన్న హీట్‌సింక్, అంటే చిప్ వేడిని లాగే లోహపు భాగం, చాలదు.

ఇక పని. ఛార్జర్, బ్యాటరీ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. ఫ్యాన్ వైరు ఊడదీసి, హీట్‌సింక్ స్క్రూలను వాటి పక్కనున్న అంకెల ప్రకారం, పెద్ద అంకె నుంచి ఒకటి దాకా, వదులు చేయండి. సాకెట్ అంచున తాళం గుర్తున్న స్క్రూ ఉంటుంది. దాన్ని ఫ్లాట్ స్క్రూడ్రైవర్‌తో అర చుట్టు తిప్పితే చిప్ దానంతట అదే వదులవుతుంది. పెకలించొద్దు. కొత్త చిప్ మూలనున్న త్రికోణాన్ని సాకెట్ గుర్తుకి కలిపి పెడితే బరువుకే దిగుతుంది. దిగలేదంటే పిన్ను వంగి ఉండొచ్చు, నొక్కకండి. తాళం స్క్రూ మళ్లీ బిగించి, చిప్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య ఉండే పాత థర్మల్ పేస్ట్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బియ్యపు గింజంత కొత్త పేస్ట్ పెట్టండి. ఈసారి హీట్‌సింక్ స్క్రూలు ఒకటో అంకె నుంచి బిగించండి.

ఆన్ చేయగానే బయోస్‌లో కొత్త పేరు కనిపించాలి. ఓ అరగంట వాడి టెంపరేచర్ చూసేదాకా పాత చిప్‌ని అమ్మకండి.