పాత ఇనప సైకిల్ కొనే ముందు బరువు, విలువ ఎలా తేల్చుకోవాలి?

పర్లాకిమిడిలో మహేంద్రతనయ దాటితే పాతపట్నం. ఇటు ఒడిశా, అటు ఆంధ్ర. పాత సైకిళ్ళకు మాత్రం ఈ సరిహద్దు లేదు. ఒడిశా బడుల్లో తొమ్మిదో తరగతి పిల్లలు ప్రభుత్వ సాయంతో కొనుక్కున్నవి, ఆంధ్రలో ఒకప్పుడు 'బడికొస్తా' పథకం కింద ఆడపిల్లలకు ఇచ్చినవి, తాతల నాటి నల్ల సైకిళ్ళు, అన్నీ ఏదో ఒక రోజు చేతులు మారతాయి. అమ్మేవాళ్ళు ఒడియాలో చెప్పినా తెలుగులో చెప్పినా వినిపించే మాటలు రెండే. బండి బరువుగా ఉంటే "పాతకాలపు ఇనుము, వంద కిలోలేసినా కదలదు" అంటారు. తేలికగా ఉంటే "చేత్తో ఎత్తేయొచ్చు, గాలిలా పోతుంది" అంటారు.

ఈ రెండు మాటలకూ డబ్బు ఇవ్వకండి. బరువుగా ఉన్నంత మాత్రాన గట్టిది కాదు, తేలికగా ఉన్నంత మాత్రాన మంచిది కాదు. బరువును కాటా మీద చూడాలి. విలువను బాగుచేయడానికయ్యే ఖర్చుతో లెక్కకట్టాలి. గేర్లు లేని ఇనప సైకిల్‌కు ఈ రెండు పనులూ ఎవరైనా అరగంటలో చేసుకోవచ్చు. ఒక చిన్న అయస్కాంతం, నూలు తాడు, టేపు, టార్చి ఉంటే చాలు.

ముందు సైజు చూడండి

ధర అడగకముందే సైకిల్ మీదికి కాలు వేసి, సీటు ముందు రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడండి. పై గొట్టానికీ మీకూ మధ్య రెండు వేళ్ళ ఖాళీ అయినా ఉండాలి. నల్ల సైకిళ్ళు ఎక్కువగా 22, 24 అంగుళాల ఫ్రేముల్లో వస్తాయి. పెడల్ ఇరుసు మధ్య నుంచి సీటు గొట్టం పై అంచు దాకా కొలిస్తే ఈ సైజు తెలుస్తుంది. పొట్టిగా ఉన్న మనిషికి 24 అంగుళాల ఫ్రేము ఊరికే ఇచ్చినా దండగే. అది సరిపోకపోతే మిగతావి చూడనక్కర్లేదు.

బరువు తూచడం

ఇంట్లో మనిషి బరువు చూసుకునే కాటా ఉంటే ముందు మీరొక్కరే ఎక్కండి. తర్వాత సైకిల్‌ను పైకెత్తి పట్టుకుని ఎక్కండి. రెండు అంకెల తేడాయే సైకిల్ బరువు. మీరు 64.2 కిలోలు, సైకిల్‌తో కలిపి 85.6 వచ్చిందంటే సైకిల్ 21.4 కిలోలు. కొంచెం కదిలినా అంకె మారుతుంది కాబట్టి మూడుసార్లు తూచి మధ్య అంకె తీసుకోండి.

ఎత్తడం కష్టమైతే ఇంకో దారి ఉంది. ముందు చక్రాన్ని కాటా మీద, వెనక చక్రాన్ని కాటా అంత ఎత్తున్న ఇటుక మీద పెట్టి అంకె రాసుకోండి. తర్వాత అటుది ఇటు మార్చి మళ్ళీ చూడండి. రెండూ కలిపితే మొత్తం బరువు. రెండు చక్రాలూ ఒకే ఎత్తులో ఉండాలి, సైకిల్‌ను నిటారుగా మాత్రమే పట్టుకోవాలి, మీ బలం దాని మీద పడకూడదు. సంతలో అయితే బస్తాలు తూచే కాటా దగ్గరికి తీసుకెళ్ళి అడగండి, కాదనరు.

క్యారియర్, స్టాండు, చైన్ కవరు, మడ్‌గార్డులు అన్నీ ఉన్న నల్ల సైకిల్ ఇరవై కిలోల చుట్టూ తూగుతుంది. దాన్ని చూసి కంగారు పడొద్దు. ఆ బరువు ఎక్కడుందో తెలుసుకుంటే అమ్మేవాడి మాటల్లో సగం తేలిపోతాయి.

ఉక్కు ఏ రకమైనా సాంద్రత దాదాపు ఒకటే, ఘన సెంటీమీటరుకు సుమారు 7.85 గ్రాములు. మామూలు ఉక్కు అయినా, క్రోమియం, మాలిబ్డినం కలిపిన ఖరీదైన క్రోమోలీ ఉక్కు అయినా అదే ముక్క అంతే తూగుతుంది. ఖరీదైన ఉక్కు బలం ఎక్కువ కాబట్టి గొట్టం గోడను పల్చగా చేయగలరు. బరువు తగ్గేది అలాగే. ఒక అంగుళం గొట్టానికి గోడ మందం 1.6 మిల్లీమీటర్లు ఉంటే మీటరు పొడవు దాదాపు 940 గ్రాములు తూగుతుంది. 0.9 మిల్లీమీటర్లు ఉంటే 545 గ్రాములు. ఫ్రేములోని మూడు పెద్ద గొట్టాలూ కలిపినా రెండు మీటర్లకు లోపే. అంటే అక్కడ మిగిలేది 800 గ్రాముల కన్నా తక్కువ. అదే క్యారియర్, స్టాండు, చైన్ కవరు, ఇనప మడ్‌గార్డులు, స్ప్రింగుల సీటు కలిపితే నాలుగైదు కిలోలు తేలిగ్గా అవుతాయి. కాబట్టి ఇవేవీ లేని బండి చేతికి తేలికగా తగిలితే ఫ్రేము గొప్పదని అనుకోకండి. కావలసిన సామాను లేదని అర్థం. అవన్నీ మళ్ళీ మీరే కొనాలి.

"అలాయ్ సైకిల్" అని చెబితే అయస్కాంతం బయటికి తీయండి. రిమ్ము, హ్యాండిల్, పెడల్ కడ్డీలు, సీటు కడ్డీ, ఒక్కొక్కదానికీ ఆనించండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియం. ఇందులో నేను ముఖ్యంగా చూసేది రిమ్ము. మెరిసే క్రోమ్ పూత ఇనప రిమ్ము వానలో తడిస్తే బ్రేకు సరిగా పట్టదు. అల్యూమినియం రిమ్ము మీద బ్రేకు అంతకంటే చాలా బాగా పనిచేస్తుంది. మా గజపతి జిల్లా కొండ రోడ్ల మీద ఆషాఢ శ్రావణాల్లో దిగేవాళ్ళకు ఇది ప్రాణానికి సంబంధించిన సంగతి. దీనికి కొంచెం ఎక్కువ ఇవ్వొచ్చు.

ఎత్తు ఎక్కడానికి మూడు కిలోలు తక్కువ బండి కావాలని వెతికేవాళ్ళు ఒక లెక్క చూడండి. మనిషి 60 కిలోలు, సైకిల్ 21 అనుకుంటే మొత్తం 81. అందులో మూడు కిలోలు తగ్గితే శ్రమలో నాలుగు శాతం కూడా తగ్గదు. వెనకాల జీడిపిక్కల బస్తా వేస్తే ఆ తేడా ఇంకా చిన్నదవుతుంది. అదే వెనక చక్రానికుండే పళ్ళ చక్రం, అంటే ఫ్రీవీల్, పళ్ళు 18 ఉన్నచోట 20 పళ్ళది వేయిస్తే పెడల్ మీద వేయాల్సిన బలం పది శాతం తగ్గుతుంది. ముందు పళ్ళ చక్రం 44, వెనక 18, చక్రం 28 అంగుళాలదైతే పెడల్ ఒక చుట్టుకు బండి సుమారు 5.5 మీటర్లు పోతుంది. 20 వేస్తే 4.9 మీటర్లు. చదును మీద కొంచెం ఎక్కువ తొక్కాలి, ఎక్కుడులో మోకాళ్ళు బతుకుతాయి. చైన్‌లో ఒక లింకు కలపాల్సి రావచ్చు, అంతే.

ఫ్రేము: తప్పు ఉంటే ఇక్కడే ఆగిపోండి

టైరు మార్చొచ్చు, చైన్ మార్చొచ్చు. ఫ్రేము విరిగితే ఇక సైకిలే లేదు. అందుకే ఎక్కువ సేపు దీని దగ్గర ఉండండి.

హ్యాండిల్ కింద ముందు గొట్టానికి పై గొట్టం, కింది గొట్టం కలిసేచోట అడుగు వైపు వేలితో తడమండి. ఎదురుగా దేన్నో గుద్దిన సైకిల్‌కు అక్కడ చిన్న మడత, ఉబ్బు తగులుతుంది, లేదా రంగు అడ్డంగా చిట్లి ఉంటుంది. తర్వాత పక్కకు వచ్చి ముందు చక్రాన్ని పట్టే ఫోర్కును చూడండి. అది ముందు గొట్టం వాలులోనే దిగి, చివర ముందుకు వంగాలి. వెనక్కి నెట్టినట్టు కనిపిస్తే గుద్దిన బండి.

ఇప్పుడు నూలు తాడు. ఒక కొసను వెనక ఇరుసు పట్టే చీలికకు ఒకవైపు కట్టి, ముందు గొట్టాన్ని చుట్టి, రెండోవైపు చీలికకు బిగించి కట్టండి. సీటు గొట్టానికి రెండు వైపులా తాడు ఎంత దూరంలో ఉందో టేపుతో కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఫర్వాలేదు. అంతకు మించితే వెనక భాగం వంగి ఉంది.

కొత్త రంగు వేసిన పాత సైకిల్ అంటే నాకు భయం. ఒకసారి సంతలో నిగనిగలాడే నల్ల రంగు చూసి కొన్నాను. మొదటి వానకు సీటు గొట్టం దగ్గర రంగు ఊడి, లోపల పుట్టీ బయటపడింది. దాని కింద పగులు. ఆ ఫ్రేము మళ్ళీ రోడ్డెక్కలేదు. అప్పటి నుంచి గీతలు పడి వెలిసిన రంగునే ఎక్కువ నమ్ముతాను, ఎందుకంటే అది ఏదీ దాచదు. కొత్త రంగు ఉంటే అతుకుల దగ్గర అయస్కాంతం ఆనించి చూడండి. పుట్టీ మందంగా ఉన్నచోట అయస్కాంతం సరిగా పట్టదు.

సీటు కడ్డీని వదులు చేసి బయటికి లాగమనండి. రాకపోతే తుప్పుతో అతుక్కుపోయింది, అది పెద్ద బేరం మాట. వస్తే టార్చి వేసి గొట్టం లోపలికి చూడండి. పైన ఎర్రటి పొడి తుప్పు ఉంటే ఇబ్బంది లేదు. పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటే వదిలేయండి. గోపాల్‌పూర్ వైపు నుంచి, సముద్రం పక్క ఊళ్ళ నుంచి వచ్చిన బండి అయితే ఇది తప్పకుండా చూడాలి. ఉప్పుగాలి ముందు లోపలి నుంచే తింటుంది, బయట రంగు బాగానే కనిపిస్తుంది.

తిరిగే భాగాలు

చక్రాన్ని పైకెత్తి తిప్పి, బ్రేకు కట్టెకూ రిమ్ముకూ మధ్య సందు చూడండి. సందు పెరుగుతూ తగ్గుతూ ఉంటే బెండు ఉంది. కొద్దిపాటి బెండును మెకానిక్ చువ్వలు బిగించి తీసేస్తాడు. నల్ల సైకిళ్ళకు సాధారణంగా ముందు 32, వెనక 40 చువ్వలు ఉంటాయి. వేలితో మీటుతూ వెళ్ళండి, మూగగా మోగేవి వదులైనవి.

పెడల్ కడ్డీని పట్టుకుని సైకిల్ వైపు, బయటి వైపు ఊపండి. కదలిక ఉంటే లోపల బాల్స్, కప్పులు అరిగాయి. తర్వాత దూరంగా నిలబడి చూడండి. రెండు కడ్డీలూ ఒకే గీతలో ఉన్నాయా? లేకపోతే కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను అరిగింది. పిన్ను చవక, కానీ దాన్ని అలాగే తొక్కి ఉంటే కడ్డీ కన్నం కూడా పాడైపోయి ఉంటుంది.

చైన్‌కు టేపు పెట్టండి. కొత్త చైన్‌లో పక్కపక్క పిన్నుల మధ్య అర అంగుళం, కాబట్టి 24 ఎడాలు సరిగ్గా 12 అంగుళాలు. అది 12 అంగుళాల మీద అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే చైన్ అయిపోయింది. అప్పుడు పళ్ళు కూడా చూడండి. ఒకవైపు వాలి కొక్కెంలా మారి ఉంటే చైన్, ఫ్రీవీల్ రెండూ ఖర్చులో రాసుకోండి. లేకపోతే కొత్త చైన్ ఆ అరిగిన పళ్ళ మీద జారుతుంది.

టైరు మీద సైజు తప్పకుండా చదవండి. నల్ల సైకిల్‌కు ఉండే 28 x 1½ టైరు మా వైపు చిన్న ఊళ్ళో కూడా దొరుకుతుంది. గేర్లు లేని ఫ్యాషన్ సైకిళ్ళ (సింగిల్‌స్పీడ్‌ల) మీద 700సి అని ఉంటుంది, దాన్ని కూడా 28 అంగుళాలే అంటారు కానీ ఒకటి మరోదానికి ఎక్కదు. మొదటిదాని రిమ్ము 635 మిల్లీమీటర్లు, రెండోదానిది 622. అలాగే 26 x 1⅜, 26 x 1.75 కూడా వేరువేరు. పక్క కొట్టులో టైరు దొరకని సైకిల్ ఎంత అందంగా ఉన్నా నేను తక్కువే లెక్కేస్తాను. పంక్చరై, టైరు చిరిగితే బరంపురం నుంచో విశాఖ నుంచో తెప్పించుకునే దాకా మూల పెట్టుకోవాలి.

చివరగా తొక్కి చూడండి. ఎక్కుడు ఉన్న వీధిలోకి వెళ్ళి, పెడళ్ళ మీద లేచి నిలబడి బలంగా తొక్కండి. ఫ్రీవీల్ ముందుకు జారితే అది దెబ్బలు తగిలించే లోపం. హ్యాండిల్‌ను మెల్లగా పట్టుకున్నప్పుడు ఒకవైపే లాగితే మళ్ళీ తాడు, ఫోర్కు పరీక్షకు వెళ్ళండి.

ధర కట్టడం

ముందు కొట్టుకు వెళ్ళి అదే రకం కొత్త సైకిల్ ఇవాళ ఎంతో కనుక్కోండి. అమ్మేవాళ్ళు పాత బిల్లు చూపిస్తే దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ళ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది.

కొత్తది 6,500 రూపాయలు అనుకుందాం. ఫ్రేము, ఫోర్కు, రిమ్ములు బాగుంటే సగం, అంటే 3,250 నుంచి మొదలుపెడతాను. ఇది నా పద్ధతి, మీరు కొంచెం అటూ ఇటూ జరుపుకోవచ్చు. ఇందులోంచి మెకానిక్‌ను అడిగి రాసుకున్న ఖర్చు తీసేయాలి. రెండు టైర్లు, ట్యూబులు 900, చైన్, ఫ్రీవీల్ 450, పెడల్ ఇరుసు సామాను 300, బ్రేకు కట్టెలు 150, ఓవరాయిలింగ్ కూలి 300 అనుకుంటే మొత్తం 2,100. మిగిలింది 1,150. దానికి మించి ఇవ్వను.

కింది హద్దు పాత ఇనుము ధర. 21 కిలోల సైకిల్‌లో రబ్బరు, సీటు తోలు తీసేస్తే 18 కిలోల ఇనుము అనుకోండి. కిలో 30 రూపాయలు పలికితే 540. బరువుకు డబ్బు ఇవ్వాల్సింది ఈ ఒక్కచోటే. ఎంత పాడైన బండినైనా అమ్మేవాళ్ళు ఇంతకంటే తక్కువకు ఇవ్వరు, వాళ్ళను అంతకంటే కిందికి నొక్కడం కూడా న్యాయం కాదు.

పాత ర్యాలీ, హెర్క్యులిస్ లాంటివాటిని జ్ఞాపకం కోసం కొనేవాళ్ళు ఉన్నారు. ఆ ధర ఈ లెక్కలోకి రాదు. ముందు గొట్టం మీది బిళ్ళ, ఫోర్కు, చైన్ పళ్ళ చక్రం అసలువేనా అని మాత్రం చూడండి. బిళ్ళ ఒక్కటి పాతదై మిగతాదంతా మార్చినదైతే అది మామూలు సైకిలే.

డబ్బు ఇచ్చే ముందు ఫ్రేము నంబరు వెతకండి. సీటు కింద గొట్టం మీదో, పెడల్ ఇరుసు డబ్బా అడుగునో కొట్టి ఉంటుంది. దాన్ని గీకేసి ఉంటే సైకిల్ వద్దు. ఉంటే ఒక కాగితం మీద నంబరు, తేదీ, ధర, ఇద్దరి పేర్లు రాసి సంతకాలు పెట్టుకోండి. బేరం సరిహద్దుకు ఏ వైపు జరిగినా ఇది ఉపయోగపడుతుంది.

ఇంటికి తెచ్చాక ఓవరాయిలింగ్‌లో కాటర్ పిన్నులు కొత్తవి వేయిస్తే, ముప్పై కిలోమీటర్లు తిరిగాక వాటిని మళ్ళీ ఒకసారి బిగించండి. కొత్త పిన్ను బరువుకు కూర్చుని వదులవుతుంది. అప్పుడు బిగించకపోతే కడ్డీ కన్నం అరగడం అక్కడే మొదలవుతుంది.