చేతిపనికి లోగో – మూడో పాఠం: సున్న గాజైన తర్వాత

గత పాఠం చివర, గీసిన పది చిత్తుల్లో ఒక్కదాన్ని ఉంచుకుని మిగతావి పక్కన పెట్టమన్నాను. పాఠం కోసం మనం ఊహించుకున్న లక్క గాజుల దుకాణం ‘సింగారం’కి కూడా ఒకటే మిగిలింది. చార్మినార్ ఉన్న మూడింటినీ ముందే తీసేశాం. 1591 నుంచి ఆ కట్టడం ఊరందరిదీ. పాతబస్తీలో ఎన్నో సంచుల మీద, ఎన్నో పెట్టెల మీద అదే కనిపిస్తుంది. వాటి మధ్య మీ గాజులను గుర్తుపట్టడానికి అది సాయపడదు.

మిగిలిన చిత్తు పేరులోంచే పుట్టింది. సింగారం అనే మాటలో రెండు సున్నలున్నాయి. తెలుగు సున్న అచ్చం గాజే. ఇంత చక్కటి కలయిక ప్రతి పేరుకూ దొరకదు, నిజమే. అయినా బొమ్మ కోసం బయట వెతకడానికి ముందు మీ పేరులోని అక్షరాలను అరచేయంత పెద్దవిగా రాసి, గోడకు అంటించి రెండు రోజులు చూడండి. మన లిపి గుండ్రటి లిపి. గాజు, కుండ, పూస, బుట్ట, ఇలా మన చేతిపనుల్లో చాలా వస్తువులు కూడా గుండ్రనివే.

ఈ రోజు పని దిద్దడం. నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ ఇది.

మొదటి చిత్తులో రెండు సున్నలనూ గాజులు చేసి, ఒక్కొక్క దాని అంచు చుట్టూ పదహారు రాళ్లు అమర్చాం. కంప్యూటర్ తెర మీద ముచ్చటగానే ఉంది. అంగుళం వెడల్పున అచ్చు తీస్తే సైకిల్ పళ్ల చక్రంలా తేలింది! ఇలాంటప్పుడు రాళ్లను అటూ ఇటూ జరిపి చూడకండి, గాజు తయారయ్యే తీరు గుర్తు తెచ్చుకోండి. లక్కను నిప్పుల మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచుతారు. అది వేడిగా ఉండగానే ఒక్కొక్క రాయినీ అందులోకి నొక్కుతారు. రాయి ఉండేది లక్క ఒంట్లో, అంచు బయట కాదు. బొమ్మలో కూడా అదే చేయాలి: మందమైన నల్లటి వలయం, దాని మందంలోనే తెల్లటి చుక్కలు. ఈ ఒక్క మార్పుతో పళ్ల చక్రం పోయి గాజు వచ్చింది. గాజు చేసేవారు చూస్తే, ఈ బొమ్మ గీసిన వారికి పని తెలుసని అనుకోవాలి.

ఇక చుక్కల సంఖ్య. వలయం చుట్టూ సమానంగా పెడితే పాత టెలిఫోన్ డయల్ గుర్తొస్తుంది. పైన కుడివైపు మాత్రమే మూడు పెట్టాం, ఒకదాని కంటే ఒకటి చిన్నదిగా. చేయి కదిలినప్పుడు గాజు మీద వెలుగు పడేది కూడా ఒక పక్కనే కదా.

రెండు సున్నల్లో చివరిది మాత్రమే గాజు కావాలి. ‘సిం’లోని సున్నను కూడా అలంకరిస్తే చూపు అక్కడే ఆగి, మాట రెండు ముక్కలవుతుంది. చివరి సున్న పక్కన ‘ర’ ఉంది, అదీ గుండ్రనిదే. రెండూ ఒకే పరిమాణంలో ఉంటే జంట చక్రాల్లా కనిపిస్తాయి. అందుకని గాజు సున్నను ‘ర’ కంటే కాస్త మందం చేశాం, ఎత్తు మాత్రం పెంచలేదు. వలయం మందాన్ని కొలబద్దతో అంతటా సమానంగా గీస్తే పైనా కిందా ఎక్కువ మందంగా అనిపిస్తుంది, ఎందుకంటే అడ్డగీత మన కంటికి నిలువుగీత కంటే లావుగా తోస్తుంది. అక్కడ ఒక వెంట్రుకవాసి తగ్గించండి. కొలబద్దకూ కంటికీ తగాదా వస్తే కంటి మాటే వినండి. అక్షరాల మధ్య ఎడం సరిచూడటానికి కాగితాన్ని తలకిందులుగా పట్టుకోండి. చదవడం ఆగిపోయి ఖాళీలు మాత్రమే కనిపిస్తాయి.

అక్షరాలకు రామభద్ర ఫాంటు తీసుకున్నాం. సురవరం, మండలి, గిడుగు వంటి వాటిలాగే ఇదీ స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చిన యూనికోడ్ (అక్షరాలకు అందరూ వాడే సంకేత పద్ధతి) ఫాంటు, లోగోకి వాడుకోవడానికి డబ్బు కట్టనక్కరలేదు. లోగో గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ కూడా ఉచితమే. ప్రెస్సుకు పంపే ముందు అక్షరాలను తప్పనిసరిగా గీతలుగా మార్చండి. ఒకసారి నేను ఇది మరిచి ఫైలు ఇచ్చాను. ఆ ప్రెస్సులోని కంప్యూటర్‌లో నా ఫాంటు లేదు, అక్షరాలు చెదిరిపోయిన స్టిక్కర్లు ఐదు వందలు చేతికొచ్చాయి. చాలా డీటీపీ కేంద్రాల్లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే నడుస్తుంటాయి కాబట్టి తెలుగు లోగోకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

ఇప్పుడు పరీక్షలు. ముందు జిరాక్సు దుకాణానికి వెళ్లి నలుపు తెలుపులో ఒక కాపీ, ఆ కాపీకి మళ్లీ కాపీ, ఇలా నాలుగుసార్లు తీయించండి. పూడుకుపోయిన చోటల్లా మీరు దిద్దాల్సిన చోటే. తర్వాత రబ్బరు స్టాంపు చేయించి ఖాకీ పెట్టె మీద వేయండి. గుడ్డ సంచి మీద స్క్రీన్ ప్రింటింగు చేయించే ఆలోచన ఉంటే అర మిల్లీమీటరు కంటే సన్నని గీత కానీ ఖాళీ కానీ ఉంచవద్దు. మన సింగారంలో, మాట వెడల్పు రెండున్నర సెంటీమీటర్ల కంటే తగ్గితే తెల్ల చుక్కలు మాయమవుతున్నాయి. అందుకే రెండు రూపాలు సిద్ధం చేశాం: బోర్డుకూ పెట్టెకూ పూర్తి మాట, వాట్సాప్ గుండ్రటి బొమ్మకూ చిన్న ముద్రకూ గాజు సున్న ఒక్కటే.

ఛత్తా బజార్ ప్రెస్సులో కార్డులకు బయానా ఇచ్చే ముందు మరో పని ఉంది. మీ పేరు లాంటిది ఇంకెవరైనా నమోదు చేసుకున్నారేమో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైటులో, సరుకుల 14వ తరగతిలో వెతకండి. ఆభరణాలు ఆ తరగతిలోకే వస్తాయి. వెతకడం ఉచితం. చిన్న వ్యాపారులకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము తరగతికి 4,500 రూపాయలు, నమోదైతే పదేళ్లు చెల్లుతుంది. సింగారం అనేది అలంకరణను వర్ణించే మాట కనుక మాట ఒక్కదానికే రక్షణ దొరకడం కష్టం. గాజు సున్నతో కలిపి బొమ్మగా దరఖాస్తు చేయడం మేలు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. ఆ గుర్తును మీ లోగోలో కలపాలని అనిపించవచ్చు, కలపవద్దు. అధీకృత వినియోగదారుగా నమోదైనవారే దాన్ని వాడాలి.

వచ్చే పాఠం రంగుల గురించి. అప్పటికి మీ నాలుగో జిరాక్సు కాపీ మీద పూడుకుపోయిన చోట్లకు ఎర్ర పెన్నుతో సున్నలు చుట్టి దగ్గర పెట్టుకోండి. రంగు పెన్సిళ్లు ఇంకా బయటకు తీయవద్దు.