కాటా మీద ఆవకాయ జాడీ: కాలనీ హాల్లో అంగారక నాటకం వేయడం ఎలా

ముందు పాత పేపర్లు కొనే కొట్టు నుంచి ఒక కాటా అడిగి తెచ్చుకోండి. రాకెట్ సంగతి తర్వాత చూద్దాం. ఈ నాటకానికి హీరో కాటాయే. హైదరాబాదులో పిల్లల్ని అమెరికా పంపిన ఏ ఇంట్లోనైనా ఒక రాత్రి సూట్‌కేసు 23 కిలోలు దాటి ఉంటుంది. అందరూ నేలమీద చతికిలబడి పొడుల ప్యాకెట్లు తీసి, మళ్ళీ పెట్టి, పోట్లాడుకుని ఉంటారు. శంషాబాద్ వెళ్ళాక క్యూలో ఇంకోసారి. ఆ రాత్రినే అంగారకుడి దాకా లాగాలి. కొడుకు ప్రయాణం, అమ్మ ఆవకాయ, బరువు ఎక్కువ. కథ అంతే, ఇంకేమీ కలపకండి.

నేను టెలిఫోన్ శాఖలో చేసి రిటైరైనవాణ్ణి. హార్మోనియం చిన్నప్పటి పిచ్చి. వనస్థలిపురంలో మా కాలనీ వాళ్ళతో ఈ సంగీత నాటకం రెండుసార్లు వేశాను. మొదటిది చెడింది, రెండోది కుదిరింది.

చెడింది రాతలోనే. అమ్మానాన్నల్ని పట్టుకుని వేలాడే మనుషులుగా, కొంచెం విలన్లుగా రాశాను. పావుగంటకే ముందు వరస చల్లబడిపోయింది. కూర్చున్నవాళ్ళలో సగం మంది పిల్లలు డల్లాస్‌లోనో సిడ్నీలోనో ఉన్నారు మరి. ఇంటికొచ్చాక మా ఆవిడ, "పిల్లలు గుర్తొచ్చి బెంగపడేవాళ్ళని పిలిచి మరీ తిట్టించారండీ" అంది. రెండోసారి అమ్మని అమ్మలాగే వదిలేసి, ఆమెను ఆపే పని కాటాకి అప్పజెప్పాను. ఆమె ప్రవేశానికి రాసుకున్న ఆటవెలది ఇది:

కుజుని పైకి వెళ్ళు కొడుకుకై వండితి
కూరపొడులు నాల్గు కుండలయ్యె
పచ్చడైతె జాడి పదికిలోలున్నది
బరువటంచు వాడు బయట పెట్టె

చివరి పాదం మోహన రాగంలో ఎంత సాగదీస్తే అంత నవ్వుతారు. ఏడుపు రాగం ఎత్తుకున్నారో, పని చెడినట్టే.

సైన్సు తప్పు రాయకండి, నవ్వంతా అందులోనే ఉంది. అంగారకుడి మీద ఆకర్షణ మన భూమి మీదున్న దాంట్లో 38 శాతమే. అంటే 10 కిలోల జాడీ అక్కడి కాటా మీద నాలుగు కిలోలు కూడా చూపించదు. అమ్మ ఎక్కడో ఇది చదివి వస్తుంది. "అక్కడ నాలుగు కిలోలే కదరా!" "ఎక్కించేది ఇక్కడే కదమ్మా." అంతలో నాన్న మాట్లాడకుండా వచ్చి కాటా ఎక్కి నిలబడతాడు, తనూ వస్తానన్నట్టు. ఇక్కడ హార్మోనియం ఆపేయండి. ముల్లు కదిలే చప్పుడొక్కటే వినబడాలి. డయల్ అట్టతో పెద్దది చేసి పెట్టండి, చివరి వరసకీ అంకెలు కనబడాలి.

రెండో అంకం ఫోన్ సీను. ట్రంక్ కాల్ రోజుల నుంచి లైన్ల మీద బతికినవాణ్ణి కాబట్టి నాకిది ఇష్టం. అక్కడి నుంచి మాట మన దగ్గరికి రావాలంటే, రెండు గ్రహాలూ దగ్గరున్నప్పుడు మూడు నిమిషాలు, దూరమైతే ఇరవై రెండు దాకా పడుతుంది. జవాబు కావాలంటే దానికి రెట్టింపు. స్టేజీ మీద అంతసేపు ఆగలేం, కాబట్టి జవాబుని ఒక ప్రశ్న వెనక్కి జరపండి. అమ్మ "తిన్నావా?" అంటుంది. జవాబు రాదు. ఉండబట్టలేక "నీ వెనకాల ఎవర్రా ఆ అమ్మాయి?" అంటుంది. అప్పుడు కొడుకు హాయిగా, "ఇప్పుడే తిన్నానమ్మా. సగం ఫ్రిజ్‌లో పెట్టాను." ఇలాంటివి నాలుగు చాలు. మేం తొమ్మిది పెట్టాం, ఆరోదానికి జనం లేచి టీకి వెళ్ళారు.

సంగీతంలో రెండు చిట్కాలు. కౌంట్‌డౌన్ ఆదితాళంలో ఇమడదు, అంకెలు పది, దెబ్బలు ఎనిమిది. అయిదు దెబ్బల ఖండచాపు తాళం రెండుసార్లు తిప్పితే పదీ సరిగ్గా సరిపోతాయి. మూడు దగ్గరికి రాగానే అమ్మ నీలాంబరిలో జోలపాట అందుకోవాలి. జోల పాటల రాగం కాబట్టి ఇరవై ఎనిమిదేళ్ళ వ్యోమగామి సీట్లోనే గురక పెడతాడు, కౌంట్‌డౌన్ మళ్ళీ పది నుంచి. తబలా ఆయన్ని ముందే బతిమాలుకోండి.

ఇదేం కొత్త పిచ్చి అనేవాళ్ళకి యూరప్ సంగీతకారుడు హేడన్ సంగతి చెప్పండి. కూతుళ్ళ పెళ్ళిళ్ళకి అడ్డం పడే తండ్రిని ఒక దొంగ జ్యోతిష్కుడు చంద్రుడి మీద ఉన్నావని నమ్మించి, ఒప్పించే హాస్య ఒపెరాకి ఆయన 1777లోనే సంగీతం కట్టాడు.

హెల్మెట్‌కి ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్ కోస్తే బాగుంటుంది. కానీ ముందుభాగం మూయకండి. మా కుర్రాడు పైషడ్జం, అంటే పై స్థాయి 'స', అందుకోబోయేసరికి లోపల ఆవిరి పట్టి దారి కనబడక హార్మోనియం మీద పడ్డాడు. "తీసెయ్ నాయనా!" అని జనమే అరిచారు. డ్రెస్సుకి వంటింటి అల్యూమినియం ఫాయిల్ వద్దు, కాలర్ మైకులో వాన పడినట్టు గలగలమంటుంది. బూడిదరంగు రెక్సిన్ కుట్టించండి. లైటు స్ట్రిప్పులు కోఠీ గుజరాతీ గల్లీలో, యాంటెనాకి ఇడ్లీ పళ్ళేలు బేగంబజార్‌లో.

గాల్లో తేలే సీను కావాలని పిల్లలు గొడవ చేస్తారు. లింగంపల్లి సురభి వాళ్ళ నాటకం ఒకటి చూపించి తీసుకురండి. 1885 నుంచి తరతరాలుగా నాటకాలాడుతూ, మనుషుల్ని తీగల మీద ఎగరేసేవాళ్ళు. అది చూశాక మనవాళ్ళు తమంతట తామే స్టూలు ఎక్కి చేతులు ఊపడానికి ఒప్పుకుంటారు.

చివర్లో రాకెట్ వెళ్ళిపోతుంది, జాడీ కాటా మీదే ఉండిపోతుంది. లైటు జాడీ ఒక్కదాని మీద ఉంచి తెర వేయండి, డైలాగు అక్కర్లేదు. జాడీలో మాత్రం నిజమైన ఆవకాయే ఉండాలి, మూత తీసినప్పుడు వాసన నాలుగో వరస దాకా వెళ్ళాలి. మేం అలాగే చేశాం. తెర పడ్డాక జనం బయటికి పోకుండా స్టేజీ మీదికొచ్చి అన్నం ఎక్కడ అని అడిగారు. ఈసారి తెర వెనక కుక్కర్ కూడా పెడుతున్నాం.