చుట్టాల ఆధార్ కార్డులు గ్రూపులో పడకుండా

తిరుపతిలో ఇల్లుంటే దర్శనానికి వచ్చే చుట్టాలకు లాడ్జి గదులు చూసిపెట్టడం మామూలే. అందుకోసం ఒక్కొక్కరూ ఆధార్ ఫోటోను కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. మా పెద్దమ్మ నంబరు అంతమంది ఫోన్లలో నిలిచిపోవడం నాకు మనసొప్పలేదు.

ఇప్పుడు అందరితోనూ మాస్క్‌డ్ ఆధార్ తీయిస్తున్నాను. మైఆధార్ వెబ్‌సైటులో నంబరు, ఓటీపీతో లోపలికి వెళ్లి, డౌన్‌లోడ్ దగ్గర మాస్క్‌డ్ అన్న గడిలో టిక్కు పెట్టాలి. 12 అంకెల్లో చివరి 4 మాత్రమే కనిపించే పీడీఎఫ్ వస్తుంది. పాస్‌వర్డ్ ఏమిటంటే, ఇంగ్లిషులో పేరు మొదటి 4 అక్షరాలు క్యాపిటల్‌లో, వెంటనే పుట్టిన సంవత్సరం. పుట్టినతేదీ, చిరునామా అందులోనూ కనిపిస్తాయి కాబట్టి దాన్నీ గ్రూపులో పెట్టకుండా గది చూసేవారికే విడిగా పంపండి. ఇదివరకే ఫోటో పెట్టిన పెద్దవాళ్లను నలుగురిలో తప్పుపట్టవద్దు, పాపం చిన్నబుచ్చుకుంటారు. ఫోటో పెట్టి రెండు రోజులు దాటకముందే ఫోన్ చేసి నెమ్మదిగా చెబితే, అందరికీ పోయేలా వాళ్లే తీసేస్తారు.

ఆధార్‌కు మొబైల్ నంబరు జతచేయని వారికి ఓటీపీ రాదు, ఈ పద్ధతి కుదరదు. కొండమీద దర్శనానికి మాత్రం అసలు కార్డే వెంట తెచ్చుకోమనండి.