బయటి కెమెరాలోకి నీళ్లు దూరకుండా

గేటు మీద నేను పెట్టిన మొదటి కెమెరా గట్టి వానలు పడగానే పోయింది. విప్పి చూస్తే లెన్స్ దగ్గర చుక్క తడి లేదు. వెనక తోకలా వేలాడే వైరు చివర, నెట్‌వర్క్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. అప్పటి నుంచి ఏ కెమెరా బిగించినా ముందు ఆ జాయింటు సంగతే చూస్తాను.

కొనేటప్పుడు ఐపీ66 లేదా ఐపీ67 (దుమ్మును, నీళ్లను ఎంతవరకు ఆపుతుందో చెప్పే రేటింగు) ఉన్నది తీసుకోండి. రెండో అంకె నీటిది: 6 అంటే జోరుగా కొట్టే నీటిధారను, 7 అంటే మీటరు లోతులో 30 నిమిషాల మునకను తట్టుకుంటుంది. అయితే ఆ రేటింగు బాడీకే, విడిగా వేలాడే కనెక్టర్లకు కాదనుకోండి. వాటికి కెమెరాతో వచ్చిన వాటర్‌ప్రూఫ్ క్యాప్ తొడగండి. అందులోని చిన్న రబ్బరు వాషర్ డబ్బాలోనే ఉండిపోతుంది, వెతికి మరీ వేయండి. తర్వాత అంతా జంక్షన్ బాక్సులో సర్దేయాలి. బాక్సు లేకపోతే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ, చుట్టు మీద చుట్టు సగం పడేలా చుట్టండి. మామూలు ఇన్సులేషన్ టేపు ఎండకు జిగురు కారి ఊడిపోతుంది.

వైరు గోడలోకి వెళ్లే ముందు కిందికి ఓ వంపు వదలండి. వైరు వెంట జారిన బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. గోడకు వేసే రంధ్రం బయటివైపుకు వాలుగా ఉండాలి. గోడకు ఆనే కెమెరా బేస్‌కు పైన, పక్కల సిలికాన్ పూయండి. కింద మాత్రం వద్దు, లోపల చేరిన తడికి దారి కావాలి కదా.

చూరు కింద బిగిస్తే సగం టెన్షన్ తీరినట్టే. అద్దం లోపల ఆవిరి కనిపిస్తే కరెంటు తీసి, విప్పి ఆరబెట్టండి. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం మార్చి, రబ్బరు సీలు మీద ఇసుక రేణువు లేకుండా తుడిచి బిగించండి.