కారు చక్రాల దగ్గర వింత శబ్దమా? షెడ్డుకు వెళ్లేలోపే దాని జాడ పట్టడం ఎలా?

కారులో కొత్తగా ఏదైనా మోత మొదలైతే చాలామంది నేరుగా షెడ్డుకు వెళ్లి, "అన్నా, ముందర ఏదో సౌండ్ వస్తోంది, చూడు" అని తాళం చేతికిచ్చి వచ్చేస్తారు. ఆ 'ఏదో సౌండ్' గతుకుల కుదుపు తగ్గించే సస్పెన్షన్‌లోని చిన్న కడ్డీ లింక్ రాడ్‌ది కావచ్చు, చక్రం తేలిగ్గా తిరగడానికి తోడ్పడే వీల్ బేరింగ్‌ది కావచ్చు, డిక్కీలో దొర్లుతున్న జాకీది కూడా కావచ్చు. రోడ్డు మీద మోగే కారు షెడ్డులో నిలబెడితే మోగదు. దాంతో మెకానిక్ అంచనా మీద ఒక్కో పార్టు మారుస్తూ పోతాడు. డబ్బులైపోతాయి, మోత అలాగే ఉంటుంది. శబ్దం ఎలా ఉందో వర్ణించడం కంటే అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో చెప్పగలగడమే ముఖ్యమని నా గట్టి నమ్మకం. ఆ పని కారు నడిపే మనిషే చేయగలడు.

అనంతపురం, కర్నూలు, కడప వైపు కార్లకు ఈ బాధ ఎక్కువే. పొద్దున 44వ నంబరు జాతీయ రహదారి మీద వేగంగా పరుగెత్తిన కారే మధ్యాహ్నానికి పల్లె దారిలో కంకర మీద ఎగురుతూ పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండకు సస్పెన్షన్‌లో ఇనుప భాగాల మధ్య ఉండే రబ్బరు బుష్‌లు ఏటికేడు గట్టిపడి పగుళ్లిస్తాయి.

బండి కదిలించక ముందే చూడాల్సినవి

ఈమధ్య పంక్చర్ వేయించారా? టైర్లు మార్పించారా? అయితే మిగతా అన్నింటికంటే ముందు వీల్ నట్లు చూడండి. నట్లు లూజైతే నెమ్మదిగా వెళ్లేటప్పుడు చక్రం దగ్గర టక్ టక్‌మని కొడుతుంది, వేగం పెరిగితే బండి వణుకుతుంది. అలాగే నడిపితే స్టడ్లు (నట్లు ఎక్కే బోల్టులు) విరిగి చక్రం ఊడిపోయే ప్రమాదం ఉంది. పానా పెట్టి ఎదురెదురు నట్లను వరసగా బిగించండి. పానా మీద ఎక్కి తొక్కొద్దు. అతిగా బిగించినా స్టడ్డు పాడవుతుంది. ఎంత బిగించాలన్నది కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది.

తర్వాత డిక్కీ మొత్తం ఖాళీ చేయండి. జాకీ, పానా, నీళ్ల క్యాను, స్టెప్నీ పట్టి ఉంచే బోల్టు, అన్నీ చూడండి. వెనక సీటు బెల్టు బకిల్ తలుపు లోపలి ప్లాస్టిక్‌కు తగిలినా అచ్చం సస్పెన్షన్ కొట్టుకుంటున్నట్టే వినిపిస్తుంది.

ఇక టైర్లు. గాలి సరిచూసుకుని, టైరు మీద అరచేతితో ముందుకొకసారి, వెనక్కొకసారి నిమరండి. ఒకసారి నున్నగా, రెండోసారి రంపపు పళ్లలా తగిలితే అరుగుదల సమంగా లేదని అర్థం. హైవే మీద వినిపించే గుయ్‌మనే మోత చాలాసార్లు ఇదే. గాళ్లలో ఇరుక్కున్న కంకరరాళ్లను స్క్రూడ్రైవర్‌తో తీసేయండి. మేకు కనిపిస్తే మాత్రం పంక్చర్ షాపు చేరేదాకా పీకొద్దు.

నడిపి చూడటం

ఇంకొకరిని తోడు తీసుకెళ్లండి. మీరు స్టీరింగ్ మీద దృష్టి పెడితే, వాళ్లు ఒకసారి ముందు సీట్లో, ఒకసారి వెనక సీట్లో కూర్చుని వింటారు. ఏసీ, పాటలు ఆపి, అద్దాలు దించండి. పొడవాటి కాంపౌండు గోడ పక్కన నెమ్మదిగా వెళ్తే ఆ వైపు చక్రాల శబ్దం గోడకు తగిలి స్పష్టంగా వినిపిస్తుంది. తిరిగొచ్చేటప్పుడు రెండో వైపు వినొచ్చు. తోడు వచ్చినవారిని ఫోన్‌లో రికార్డు చేయమనండి. ఆ రికార్డింగ్ మెకానిక్‌కు పనికొస్తుంది.

వేగంతో పాటు పెరిగే గుయ్‌మనే మోతకు ముఖ్య అనుమానితులు ఇద్దరు: టైరు, వీల్ బేరింగ్. సిమెంటు రోడ్డు నుంచి తారు రోడ్డు మీదికి రాగానే మోత మారిపోతే టైరుదని అనుకోవచ్చు. రోడ్డు మారినా మోత మారకపోతే బేరింగ్ మీద అనుమానం పెట్టుకోండి. ఇది ఇంజన్‌ది కాదని తేల్చుకోవడానికి ఖాళీ రోడ్డు మీద కాసేపు క్లచ్ తొక్కి చూడండి. ఇంజన్ వేగం పడిపోయినా మోత అలాగే ఉంటే అది ఇంజన్‌ది కాదు, చాలాసార్లు చక్రాల వైపుదే. ఇంజన్ మాత్రం ఆపొద్దు. ఆపితే స్టీరింగ్, బ్రేకు రెండూ బిగుసుకుపోతాయి.

ఏ వైపు బేరింగో తెలుసుకోవడానికి, ముందూ వెనకా ఎవరూ లేని వెడల్పాటి రోడ్డు మీద 50 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్‌ను మెల్లగా ఎడమకు, కుడికి ఊపండి. బండి ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీద పడుతుంది. ఆ సమయంలో మోత పెరిగితే చాలాసార్లు దోషి కుడి బేరింగే. కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమది.

గుంతల్లో వచ్చే టక్, దడ్ శబ్దాలు అన్నింటికంటే ఎక్కువ తికమక పెడతాయి. అక్కడ అనుమానితులు చాలామంది: లింక్ రాడ్, చక్రాన్ని కింద బండికి కలిపే లోయర్ ఆర్మ్ బుష్, ఆ ఆర్మ్‌కు చక్రం వైపుండే బాల్ జాయింట్, షాకబ్జార్బర్, దాని (స్ప్రింగుతో కలిపితే స్ట్రట్ అంటారు) పైకొనను బాడీకి పట్టి ఉంచే స్ట్రట్ మౌంట్. వీటిని విడదీయడానికి మంచి ఉపాయం ఉంది. ముందు ఒక స్పీడ్ బ్రేకర్‌ను 10 కిలోమీటర్ల వేగంలో తిన్నగా ఎక్కించండి, రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేవాలి. తర్వాత చిన్న గుంతలో ఒక్క చక్రమే పడేలా నడపండి. రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు, లింక్ రాడ్ల ద్వారా రెండు వైపులనూ కలిపే కింది స్టెబిలైజర్ బార్ మెలితిరగదు కాబట్టి లింక్ రాడ్ మీద బరువు పడదు. ఒక్క చక్రమే లేస్తే బార్ మెలితిరిగి లింక్ రాడ్‌ను లాగుతుంది. అంటే, స్పీడ్ బ్రేకర్ దగ్గర నిశ్శబ్దంగా ఉండి, ఎగుడుదిగుడు సందుల్లో టకటకలాడే బండిలో మొదట చూడాల్సింది లింక్ రాడ్‌నే. పైగా ఈ పార్టు మార్చడం సులువు, ఖర్చు తక్కువ. షాకబ్జార్బర్లు మార్చమని ఎవరైనా అంటే, ముందు లింక్ రాడ్ చూశారా అని అడగండి.

రెండు సందర్భాల్లోనూ దడ్‌మంటే స్ట్రట్ మౌంట్, బుష్‌లు, బాల్ జాయింట్ వైపు వెళ్లాలి. ఖాళీ చోట నెమ్మదిగా ముందుకెళ్లి బ్రేకు వేయండి, రివర్స్‌లో వెళ్లి బ్రేకు వేయండి. ప్రతిసారీ ఒక్క టక్ వినిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్ అరిగి ఆర్మ్ ముందుకూ వెనక్కూ జరుగుతోందేమో చూడాలి. ఇంజన్ మౌంటింగ్ పోయినా, బ్రేకు ప్యాడ్లు తమ చోట వదులుగా కూర్చున్నా ఇలాగే వినిపిస్తుంది.

మలుపుల్లో వచ్చే శబ్దం తేలిగ్గా దొరుకుతుంది. ఖాళీ మైదానంలో స్టీరింగ్ పూర్తిగా తిప్పి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిరగండి. టకటకటకమని వరసగా వస్తే అది ఇంజన్ శక్తిని చక్రానికి అందించే యాక్సిల్ బయటివైపు కీలు, అంటే సీవీ జాయింట్. చక్రం లోపలివైపు, దాని రబ్బరు తొడుగు (బూట్) చుట్టూ నల్ల గ్రీజు చిమ్మి ఉంటుంది. బూట్ చిరిగినా శబ్దం ఇంకా మొదలవకపోతే వెంటనే బూట్, గ్రీజు మార్పించండి, జాయింట్ మిగులుతుంది. బండి నిలబడి ఉండగానే స్టీరింగ్ తిప్పితే కిర్రుమనడం, స్ప్రింగ్ టంగ్‌మని ఎగరడం స్ట్రట్ మౌంట్ బేరింగ్ పోయిన గుర్తులు.

బ్రేకు పెడల్ ఏం చెబుతుంది?

కీచుమనే శబ్దం వస్తుంటే వెళ్తూ వెళ్తూ బ్రేకును కొంచెమే తాకించండి. తాకగానే శబ్దం మారినా, ఆగినా, మొదలైనా అది బ్రేకు దగ్గరిదే. చాలా కార్లలో ప్యాడ్లు అరిగాయని హెచ్చరించడానికే ఒక లోహపు పట్టీ డిస్కుకు తగిలి కీచుమంటుంది. అది గరగరగా మారితే ప్యాడు అయిపోయి ఇనుము డిస్కును కోస్తోందన్నమాట. బండి పక్కన ఆపేయండి. వానలో తడిశాకో, వాష్ చేయించాకో మొదటి ఒకటి రెండు బ్రేకులకు వచ్చే గరగర డిస్కు మీది పైపై తుప్పుది, దానికి టెన్షన్ పడొద్దు.

కంకర రోడ్డు దిగాక ఉన్నట్టుండి లోహం గీసుకుంటున్నట్టు కీచుమంటే డిస్కుకూ, దాని వెనకుండే పలుచటి రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉండొచ్చు. క్వారీల చుట్టుపక్కల రోడ్ల మీద ఇది మామూలే. సురక్షితమైన చోట నాలుగడుగులు రివర్స్‌లో వెళ్లి, మళ్లీ ముందుకు రండి. చాలాసార్లు రాయి రాలిపోతుంది. చెయ్యి మాత్రం పెట్టొద్దు, డిస్కు కాలుతూ ఉంటుంది.

చక్రం లేపి ఊపి చూడటం

జాకీ వేయడం అలవాటు లేకపోతే ఈ భాగం షెడ్డుకే వదిలేయండి. చేసేవాళ్లు ముందు చక్రాలకు మాత్రమే చేయండి. బండి సమతలం మీద ఉండాలి, హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగాలి, వెనక చక్రాలకు రెండువైపులా పెద్ద రాళ్లు పెట్టాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. గేరులో ఉంటే లేపిన చక్రం తిరగదు. నల్లరేగడి నేలలో జాకీ దిగబడుతుంది, వాకిట్లో పరిచిన నాపరాయి బరువుకు పగలొచ్చు. జాకీ కింద మందపాటి చెక్క పెట్టండి. శరీరంలో ఏ భాగమూ కారు కిందికి పోకూడదు.

ఇప్పుడు గడియారంలో 12, 6 అంకెలు ఉండేచోట, అంటే పైనా కిందా పట్టుకుని చక్రాన్ని ఊపండి. ప్లే ఉంటే, అంటే వదులుగా ఊగితే, అది బేరింగ్ లేదా బాల్ జాయింట్. రెండింటినీ విడదీయడానికి లోపల ఒకరిని బ్రేకు తొక్కి ఉంచమనండి. బ్రేకు తొక్కగానే ప్లే పోతే బేరింగ్, అలాగే ఉంటే బాల్ జాయింట్. తర్వాత 9, 3 దగ్గర, అంటే పక్కలా పట్టుకుని ఊపండి. అలా ఊపినప్పుడు మాత్రమే కదిలితే, స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ కొస, అంటే టై రాడ్ ఎండ్ చూడాలి. చివరగా చక్రాన్ని చేత్తో తిప్పి వినండి. బేరింగ్ పోతే లోపల ఇసుక పోసినట్టు గరుకుగా తిరుగుతుంది.

బండి దించాక స్టీరింగ్ ఒకవైపు పూర్తిగా తిప్పి, టార్చితో షాకబ్జార్బర్ మీద చూడండి. నూనె కారి దుమ్ము ముద్దలా అంటుకుని ఉంటే అది పోయినట్టే. బానెట్ మూలను నొక్కి వదిలి చూసే పాత పద్ధతిని మరీ నమ్మొద్దు, కొంత అరిగినవి కూడా అందులో పాసైపోతాయి. బుష్ దగ్గర కిర్రుమంటోందని అనుమానమైతే దాని మీద నీళ్లు చల్లి నడపండి. శబ్దం కాసేపు తగ్గితే ఆ రబ్బరుదే. సర్వీసులో బండి కింద డీజిల్ కొట్టించడం మన దగ్గర కొందరికి అలవాటు. డీజిల్, ఇంజన్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి త్వరగా పాడవుతుంది. దయచేసి వద్దనండి.

ఏ రిపేరు ఆగొచ్చు, ఏది ఆగకూడదు

లింక్ రాడ్, స్ట్రట్ మౌంట్ శబ్దాలతో కొన్ని రోజులు నెమ్మదిగా తిరగొచ్చు. వీల్ నట్లు లూజైనా, బాల్ జాయింట్‌లో గానీ, టై రాడ్‌లో గానీ, బేరింగ్‌లో గానీ ప్లే కనిపించినా, బ్రేకులో ఇనుము గరగరమంటున్నా బండి నడపొద్దు. మెకానిక్‌నే పిలిపించండి, లేదా బండిని ఎక్కించి పంపండి. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ రోడ్డు మీదుగా రాయచోటికి వెళ్లొచ్చే ఆలోచన ఉంటే వాయిదా వేసుకోండి. దిగుడు మలుపుల్లో బరువు ఎక్కువగా ముందు చక్రాల మీద పడుతుంది.

షెడ్డులో చెప్పేటప్పుడు ఇలా చెప్పండి: "అన్నా, ఎడమ పక్క ముందు నుంచి టక్‌మంటోంది. ఒక్క చక్రం గుంతలో పడితేనే వస్తోంది, స్పీడ్ బ్రేకర్ మీద రావడం లేదు. బ్రేకు వేసినా, మలుపు తిరిగినా తేడా లేదు. ఒక రౌండు నాతో వచ్చి విను." తర్వాత ఆ రోడ్డు మీదికే తీసుకెళ్లి వినిపించండి. తీసేసిన పాత పార్టు చూపించమని అడగండి, చేత్తో ఊపితే ప్లే ఉందో లేదో మీకే తెలుస్తుంది. షాకబ్జార్బర్లు మార్చాల్సి వస్తే ఎడమ, కుడి రెండూ కలిపి మార్చాలి. టై రాడ్ ఎండ్, లోయర్ ఆర్మ్, స్ట్రట్ వీటిలో ఏది విప్పినా వీల్ అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే కొత్త టైర్లు కూడా కొద్ది నెలల్లోనే ఒక పక్క అరిగి మళ్లీ గుయ్‌మంటాయి. చక్రాలు విప్పి బిగించారు కాబట్టి 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి బిగించి చూసుకోండి.